పేరడిగాకే కెమెరా ఎత్తిన వార్డెనమ్మ

సమాధుల తోటలో పాస్టరుగారు ఆవిడ జీవితాన్ని ఒక కాగితం మీంచి చదివారు. ఫలానా ఊళ్ళో పుట్టారు, స్కూల్లో ఇంగ్లీషు చెప్పారు, ఆడపిల్లల హాస్టల్‌కి చాలాకాలం వార్డెన్‌గా సేవ చేశారు, ప్రార్థనాపరులు, సౌమ్యులు, విధేయులు. ఆ చివరి మాట దగ్గర నా పక్కన నిలబడ్డ బెల్లం మార్కెట్టులో దిమ్మలు మోసే కళాసీ నా వైపు చూశాడు. ఇద్దరం తలలు వంచుకున్నాం, నవ్వు కనబడకుండా.

ఆవిడ అమెరికా వెళ్ళొచ్చిన సంగతి ఆ కాగితంలో ఒక్క ముక్క ఉంది. 'విదేశీ పర్యటన చేశారు' అని. అంతే. పాస్టరుగారి మీద నాకు కోపం లేదు. ఆయన కొత్తగా వచ్చిన మనిషి, ఎవరో రాసిచ్చింది చదివాడు. కానీ ఇంటికొచ్చి స్నానం చేసి కూచున్నాక అన్నం సయించలేదు. ఆవిడని అలా విధేయురాలిగా మట్టిలో పెట్టేసి రావడం నాకు నచ్చలేదు. అందుకే ఇది రాస్తున్నాను. వాళ్ళు రాయనిది రాస్తున్నాను.

ఆవిడ పేరు మాత్రం నేనూ రాయను. కారణం ఉంది. తను తీసిన ఒకే ఒక్క సినిమాలో తన పేరు వెయ్యనివ్వలేదు ఆవిడ. "తీసినోళ్ళ పేరెందుకు నాయినా. కనబడినోళ్ళ పేరుండాలి గానీ" అంది. ఊళ్ళో అందరూ వార్డెనమ్మ అనేవారు. నేను అమ్మగారూ అనేవాణ్ణి.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. అనకాపల్లి రింగు రోడ్డు మలుపులో నాకు వీడియో షాపు ఉండేది. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు తీసేవాణ్ణి. ఒకరోజు పొద్దున్న పదింటికి షాపు ముందు ఒక పెద్దావిడ నిలబడి బోర్డు వైపు చూస్తోంది. తెల్ల నేతచీర, మోచేతుల దాకా జాకెట్టు, మగవాళ్ళు పెట్టుకునే పెద్ద డయలు వాచీ, కాళ్ళకి కాన్వాసు బూట్లు. చీర మీద బూట్లు వేసుకున్న మనిషిని అప్పటికి నేను చూడలేదు.

లోపలికి రమ్మన్నాను. రాలేదు.

"నీ బోర్డు మీద ఇంగ్లీషులో వీడియో అన్న మాట తప్పు రాసేరు. 'ఐ' వెనక్కి, 'ఈ' ముందుకీ పోయేయి. దిద్దిత్తానను, అప్పుడు లోపలికొత్తాను."

దిద్దిస్తానన్నాను. అప్పుడు వచ్చి కుర్చీలో కూచుంది. గొడుగు ఒళ్ళో పెట్టుకుంది.

"నాయినా, వీడియో కెమెరా ఎలగ పట్టుకోవాలో నేర్పుతావా. అమెరికా ఎల్తన్నాను" అంది. నర్సీపట్నం బస్సెక్కుతున్నాను అన్నట్టుగానే అంది.

సంగతేమిటంటే, ఆవిడ హాస్టల్‌కి అమెరికాలో ఒక చర్చి సాయం చేసేది. అక్కడివాళ్ళు ఆవిడని రెండు నెలలు ఉండి వెళ్ళమని పిలిచారు. వాళ్ళ చర్చికి మూడు ఊళ్ళలో శాఖలున్నాయట. హాస్టల్ నడిపే ఇక్కడి చర్చి కమిటీవాళ్ళు, వెళ్తున్నారు కదా, ఆ చర్చిలూ ఆ దాతల ఇళ్ళూ వీడియో తీసుకు రండి, కృతజ్ఞతా కూడికలో చూపిద్దాం అన్నారు. నా దగ్గరున్న రెండో హ్యాండీక్యామ్ అద్దెకి అడగడానికి వచ్చింది.

మూడు రోజుల్లో నేర్చుకుంది. ప్రతి బటన్‌కీ నోటుబుక్కులో బొమ్మ గీసుకుని పక్కన తెలుగులో రాసుకుంది. లెన్సు మూత పోతుందని దారం కట్టింది. మూడో రోజు, "బయటికెళ్ళి ఏదైనా తీసి చూపించండి" అన్నాను. షాపు ఎదురుగా ఒక రిక్షా అతను బెల్లం దిమ్మలు దించేసి, తన రిక్షాలోనే వెనక్కి వాలి కునుకు తీస్తున్నాడు. మంచి షాటు. నేనైతే వెంటనే తీసేద్దును. ఆవిడ కెమెరా చంకలో పెట్టుకుని అతను లేచేదాకా నిలబడింది. లేచాక పేరడిగింది. ఏ ఊరని అడిగింది. "తీత్తాను, ఇష్టమేనా" అని అడిగింది. అతను తలపాగా విప్పి, జుట్టు సవరించుకుని, నిటారుగా కూచున్నాడు. అప్పుడు తీసింది.

"అమ్మగారూ, పడుకున్నప్పుడే బాగుండేది" అన్నాను.

"నువ్వు పడుకున్నప్పుడు ఎవరో వచ్చి నీ మొహం తీసుకెల్లిపోతే బాగుంటాదా? ముందు పేరడగాలి. పేరడక్కుండా తీత్తే అది దొంగతనం."

అది నాకు ఆవిడ చెప్పిన మొదటి పాఠం. నా వృత్తిలో నాకు ఎవరైనా పాఠం చెప్పడం కూడా అదే మొదలు.

రెండు నెలలకి తిరిగొచ్చింది. పధ్నాలుగు టేపులు తెచ్చింది. నేనిచ్చినవి ఆరే. మిగతావి అక్కడ కొనుక్కుంది.

మొదటి టేపు కమిటీ చెప్పినట్టే ఉంది. చర్చి భవనం, పాటల బృందం, పచ్చిక, విందు, నవ్వుతున్న దాతలు. రెండో టేపులో కారు కిటికీ. వంతెన కింద నుంచి కారు వెళ్తోంది. రోడ్డుకి రెండు పక్కలా నీలం టార్పాలిన్లు, గుడారాలు, దుకాణాల్లో సామాను వేసుకునే చక్రాల బళ్ళు, వాటి నిండా మూటలు. కెమెరా వెనక నుంచి ఆవిడ గొంతు ఇంగ్లీషులో, ఒక్కో మాటా విడివిడిగా, క్లాసులో డిక్టేషన్ చెప్తున్నట్టు అడుగుతోంది. వీళ్ళెవరు? ఎందుకిక్కడ ఉన్నారు? కారు నడుపుతున్నది ఆవిడ దిగిన ఇంటావిడ. భయపడకండి, తలుపులు లాక్ చేసే ఉన్నాయి అంది.

మర్నాటి షాటులో కాన్వాసు బూట్లు కనబడతాయి, పేవ్‌మెంటు మీద నడుస్తూ.

"తెల్లారగానే లేచి, ఆ గుడారాలోళ్ళింకా పక్కల మీదుండగానే బయల్దేరిపోయేదాన్ని" అని చెప్పింది ఆవిడ నాతో. "ఇంటావిడ మొదట్లో హడలిపోయింది పాపం. రెండో వారం నుంచి నా సంచీ తనే పట్టుకుని కూడా వచ్చేది. ఆ వూళ్ళోనే పుట్టి పెరిగింది గానీ ఆ వీధిలో అదే తొలిసారి నడవడమట."

ఆ పధ్నాలుగు టేపులూ మేమిద్దరం కూచుని చూశాం. హాస్టల్ పిల్లలు స్కూలుకి వెళ్ళాక వచ్చేది. స్టీలు డబ్బాలో మరమరాల ఉండలో, వేయించిన సెనగలో తెచ్చి టేబుల్ మీద పెట్టేది. కరెంటు పోతే చీకట్లో కూచుని సెనగలు తినేవాళ్ళం. వచ్చాక మళ్ళీ మొదలు.

టేపుల్లో ఎవరు కనబడ్డా అదే వరస. పేరేమిటి. నిన్న ఎక్కడ పడుకున్నారు. అంతకు ముందు ఎక్కడుండేవారు. హాస్టల్లో సాయంత్రం హాజరు తీసుకునే గొంతుతోనే అడిగేది. దాంట్లో జాలి ఉండేది కాదు. అందుకేనేమో వాళ్ళు చెప్పేవారు. డెనిస్ అనే ఆయన పందొమ్మిదేళ్ళు స్కూలు బస్సు నడిపాడు. భార్య జబ్బుకి ఇల్లు పోయింది, తర్వాత భార్య పోయింది. ఇప్పుడు తను పడుకునే చోటు నుంచి తన పాత బస్సు రోజూ కనబడుతుందట. లోరెట్టా అనే ఆవిడ పగలు హోటల్లో గదులు శుభ్రం చేస్తుంది, రాత్రి కూతురితో కార్లో పడుకుంటుంది.

ఆ కూతురి పేరు కీషా. పదేళ్ళుంటాయి. ముందు సీట్లో కూచుని నోటుబుక్కు డాష్‌బోర్డుకి ఆనించి లెక్కలు చేసుకుంటోంది. వార్డెనమ్మ కెమెరా వెనక సీట్లో పెట్టేసి, నాలుగో లెక్క తప్పు చేశావు, ఇలా ఇవ్వు అంటోంది. తర్వాత ఐదు నిమిషాలు ఆ పిల్లా ఆవిడా భిన్నాల గురించి వాదించుకుంటారు. మధ్యలో ఆ పిల్ల నవ్వుతుంది. ఈవిడ నవ్వదు.

ఇంకో టేపులో ఒక పార్కు బెంచీ ఉంది. బెంచీకి మధ్యలో ఇనప చేతులు బిగించి ఉన్నాయి. ఆవిడ కెమెరాని గట్టు మీద పెట్టి, వెళ్ళి ఆ బెంచీ మీద పడుకోవడానికి చూసింది. అరవై రెండేళ్ళ మనిషి, తెల్లచీర, బూట్లు. అటు తల పెట్టింది, ఇటు కాళ్ళు పెట్టింది, పక్కకి తిరిగింది. కుదరలేదు. లేచి చీర సర్దుకుని కెమెరా దగ్గరికొచ్చి తెలుగులో చెప్పింది.

"ఇది పడుకోనివ్వకూడదని కావాలని సేసేరు. కూకోవచ్చు, పడుకోకూడదు. దీనికొక ఇంజనీరు, ఒక ప్లాను. మనూరికి ఇంత తెలివి ఇంకా రాలేదు. వత్తాది, జాగర్త."

ఆ మాట చెప్పినప్పుడు నేను గట్టిగా నవ్వాను. ఇప్పుడు మన బస్‌స్టాండుల్లో బెంచీలు చూస్తే నవ్వు రావడం లేదు.

నేనొక తప్పు చేశాను. కార్లో పిల్ల సీను కింద నా దగ్గరున్న పిల్లనగ్రోవి ట్రాక్ ఒకటి వేశాను. ఆ పిల్ల మొహం దగ్గర స్లోమోషన్ పెట్టాను. పెళ్ళి క్యాసెట్లలో అప్పగింతలప్పుడు అలాగే చేసేవాళ్ళం, జనం ఏడ్చేవారు. ఆవిడకి ఆశ్చర్యంగా ఉంటుందని చెప్పకుండా చూపించాను.

చివరిదాకా కదలకుండా చూసింది.

"ఈ పిల్ల ఏడుత్తన్నట్టు కనబడిందా నీకు?" అంది.

"లేదమ్మగారూ."

"మరి నువ్వెందుకు ఏడిపిత్తన్నావు?"

ఆవిడ తెర మీద పిల్ల వైపు వేలు చూపించింది.

"ఆ పిల్ల లెక్కలు సేసుకుంతంది. నాతో దెబ్బలాడతంది. అదేటి బతికి లేదా, సచ్చిపోయిందా, దాని మీద పిల్లనగ్రోవి ఊదడానికి? సూసినోళ్ళు ఏడిసేసి, కళ్ళు తుడిసేసుకుని ఇంటికెల్లిపోతారు. నాకది అక్కర్లేదు. ఆళ్ళకి కోపం రావాలి."

సంగీతం తీసేశాను. ఆ సినిమాలో మొత్తానికి ఒక్క పాట లేదు, ఒక్క వాయిద్యం లేదు. రోడ్డు చప్పుడూ మనుషుల గొంతులూ తప్ప.

ఇంకోసారి కూడా దెబ్బలాడుకున్నాం. తొమ్మిదో టేపులో దాదాపు పావుగంట సేపు ఉత్త పేవ్‌మెంటే కనబడుతుంది. ఎవరో ముసలాయన తీయొద్దన్నాడు. ఆవిడ కెమెరా కిందపెట్టేసింది, ఆపడం మర్చిపోయింది. మాటలు మాత్రం రికార్డయ్యాయి. ఆ పధ్నాలుగు టేపుల్లోకీ గొప్ప మాటలు ఆ ముసలాయనవే. యుద్ధానికి వెళ్ళొచ్చిన మనిషి. మొహం కనబడదు కదా, గొంతు వాడుకుందాం అని బతిమాలాను.

"వద్దన్నాడు. వద్దంటే వద్దే" అంది. ఆ భాగం నా చేత తన ఎదురుగానే చెరిపించింది. ఆయన చెప్పిన మాటలు ఇప్పటికీ నాకు గుర్తున్నాయి. ఇక్కడ రాయడం లేదు.

మూడు వారాలకి సినిమా ఒక రూపానికొచ్చింది. నలభై నిమిషాలు. ఊళ్ళ పేర్లు వెయ్యలేదు. "ఊరి పేరేత్తే అది ఆ ఊరోళ్ళ తప్పనుకుని ఊరుకుంటారు" అంది. మనుషుల పేర్లు మాత్రం ప్రతి ఒక్కరివీ, తెలుగక్షరాల్లో, మనిషి తెర మీద ఉన్నంతసేపూ ఉండాలంది. పేరు చెప్పడం ఇష్టం లేనివాళ్ళ కింద 'పేరు చెప్పలేదు' అని వెయ్యమంది.

అసలు గొడవ ఆఖరి సీనుతో వచ్చింది.

ఆవిడని పిలిచిన చర్చి మెట్ల మీద రోజూ సాయంత్రం ఏడెనిమిది మంది దుప్పట్లు పరుచుకునేవారు. చర్చి తలుపులకి తాళం. లోపల రెండొందల మంది పట్టే హాలు, వేడి గాలి వచ్చే మిషన్లు. ఆవిడ అక్కడి పాస్టరుగారిని కెమెరా ముందు కూచోబెట్టి, మర్యాదగా పేరడిగి, ఒకే ప్రశ్న వేసింది. అయ్యా, రాత్రిపూట ఈ తలుపులు ఎందుకు మూస్తారు?

ఆయన చెడ్డవాడు కాదు. చూస్తే తెలుస్తుంది. ఏదో చెప్పబోయి ఆగాడు. చేతులు చూసుకున్నాడు. చాలాసేపటికి 'ఇన్సూరెన్సు' అన్నాడు. అని, ఆ మాట తనకే వినబడ్డట్టు తలెత్తి ఆవిడ వైపు చూశాడు. ఆ మౌనం అంతా కోయకుండా ఉంచమంది. నిమిషం పైనే ఉంటుంది. సినిమా అక్కడ అయిపోయేది.

కమిటీకి ఎలాగో తెలిసింది. అప్పటి మన పాస్టరుగారూ, కమిటీ సెక్రటరీ కలిసి నా షాపుకొచ్చారు. ఆవిడ అక్కడే ఉంది. సినిమా పెట్టమన్నారు, పెట్టాను. అయిపోయాక సెక్రటరీ మాట్లాడాడు.

"అమ్మా, మనల్ని పిలిచి, ఇంట్లో పెట్టుకుని, అన్నం పెట్టిన వాళ్ళని మీరు ఇలా చూపిస్తారా? అక్కడి చర్చిలు తీసుకురమ్మంటే అక్కడి ముష్టివాళ్ళని తెచ్చారేంటి?"

"చర్చి కూడా తెచ్చేనండి. ఆకర్న ఉంది, సూసేరు కదా."

"ఆ సీను తీసెయ్యండి."

"తియ్యను."

పాస్టరుగారు మెల్లగా అన్నారు. "వాళ్ళకి కష్టమనిపించి సాయం ఆపేస్తే, మీ ఎనభై మంది ఆడపిల్లలు ఎక్కడికి పోతారు? అది ఆలోచించారా?"

వాళ్ళు వెళ్ళిపోయాక ఆవిడ గొడుగు పిడి రుద్దుతూ కూచుంది. రెండు రోజులు షాపుకి రాలేదు. మూడో రోజు వచ్చి, కుర్చీలో కూచోకుండానే చెప్పింది.

"భయమేసింది నాయినా. నీకెందుకు అబద్దం సెప్పాలి. మాడుగుల నుంచి, గొలుగొండ నుంచి వచ్చిన పిల్లలు. నా మూలంగా ఆళ్ళ కూడు పోతే ఏటి సెయ్యాలని రెండు రోజులూ నిద్దర్లేదు."

"పోనీ ఆ సీను తీసేద్దామా అమ్మగారూ?"

"తీసేత్తే, రేపు ఆ పిల్లల్లో ఎవర్తికైనా నిజం సెప్పాల్సిన రోజొచ్చినప్పుడు, సెప్పు, భయపడకు అని నేనెలగ అంతాను? నేనే భయపడి కోసేసినదాన్ని." గొడుగు నేలకి ఆనించి అంది. "ఒక్క మనిషికి మాత్రం అడిగే హక్కుంది. ఆ పాస్టరుగారు. ఆ మొహం ఆయనది. ఆయనొద్దంటే తీసేత్తాను."

సీడీ ఒకటి చేయించుకుని, ఉత్తరం రాసి, అమెరికా పంపింది. జవాబు కోసం ఐదు వారాలు ఆగాం. వచ్చిన ఉత్తరం నా షాపులోనే విప్పింది. రెండు వాక్యాలు. తీసెయ్యకండి. మీరడిగిన దానికి నాకింకా జవాబు దొరకలేదు.

చదివి మడిచి సంచీలో పెట్టుకుంది. "మంచోడే. అడ్డం తిరగలేదు" అంది.

ఆ ఉత్తరం చూపించినా కమిటీ ఒప్పుకోలేదు. ఆయన ఒప్పుకుంటే సరిపోయిందా, దాతలందరూ ఒప్పుకోవద్దా అన్నారు. చర్చి హాల్లో చూపించడానికి వీల్లేదన్నారు. స్కూల్లో కూడా వీల్లేదన్నారు. ఆవిడ సరేనని, అక్కణ్ణించి తిన్నగా బెల్లం మార్కెట్టుకెళ్ళింది. ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లల తండ్రులు అక్కడ చాలామంది కళాసీలు. బెల్లం దించే షెడ్డు ఒకటి సాయంత్రాలు ఖాళీగా ఉంటుంది. అక్కడ చూపించడానికి వాళ్ళని ఒప్పించింది.

నేను ప్రొజెక్టరు తెచ్చాను. తెల్ల దుప్పటి కట్టాం. పొద్దు గూకాక మొదలుపెట్టాం. కళాసీలు, వాళ్ళ ఆడవాళ్ళు, ఆటోవాళ్ళు, చేపల గంపలు పక్కన పెట్టుకుని పూడిమడక నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు. బెల్లం వాసన, ఈగలు. అమెరికా సినిమా అంటే పెద్ద భవంతులు చూద్దామని వచ్చారు. గుడారాలు కనబడేసరికి కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనక నుంచి ఒకడు నవ్వాడు.

"ఇదంతా సెట్టింగు మామా. అమెరికాలో అడుక్కునేవోళ్ళేటి."

ఇంకో నలుగురు నవ్వారు. ఆవిడ లేచి, ఆపమని నాకు చెయ్యూపింది. తెర మీద డెనిస్ మొహం ఆగిపోయింది. గొడుగు ఎత్తి కింద అక్షరాల మీద ఆనించింది.

"ఎవర్రా నవ్వింది? ఇలగ రా. ఇది సదువు."

వచ్చాడు, ముప్పై ఏళ్ళ మనిషి. చదివాడు. "డె, ని, స్."

"గట్టిగా."

"డెనిస్."

"ఈయన పందొమ్మిదేళ్ళు పిల్లల్ని బస్సులో స్కూలికి తీసుకెల్లేడు. ఇప్పుడు వంతెన కింద పడుకుంతన్నాడు. సెట్టింగు కాదు. ఇప్పుడు కూకో."

ఆ తర్వాత ఎవరు తెర మీదికొచ్చినా చదువొచ్చినవాళ్ళు పేరు పైకి చదివారు, రానివాళ్ళు వెనక అన్నారు. లోరెట్టా అన్నారు. కీషా అన్నారు. ఎవరూ చెప్పలేదు అలా చెయ్యమని. బెంచీ సీను దగ్గర మళ్ళీ నవ్వారు గానీ అది వేరే నవ్వు. ఆఖర్న ఆ పాస్టరుగారి మౌనం వచ్చినప్పుడు షెడ్డులో ఒక్క దగ్గు కూడా వినబడలేదు.

అయిపోయాక చేపలమ్మే ఆడమనిషి ఒకావిడ అడిగింది. "అమ్మా, అంత పెద్ద ఇల్లు కాళీగా ఉంతే, ఆళ్ళు మెట్ల మీదెందుకు పడుకున్నారు? తలుపు బద్దలు కొట్టీలేకపోయారా?"

"నేనూ అదే అడిగేను. ఆళ్ళని కాదు, తాళం ఏసినాయన్ని" అంది వార్డెనమ్మ.

వారం తిరక్కుండా కమిటీ ఆవిడని హాస్టల్ నుంచి తప్పించింది. క్షమాపణ ఉత్తరం ఒకటి రాసిస్తే ఉండనిస్తామన్నారు. రాయలేదు. హాస్టల్ వెనక రెండు గదుల క్వార్టరు తప్ప ఆవిడకి వేరే ఇల్లు లేదు. పెళ్ళి చేసుకోలేదు, అన్నదమ్ములు పోయారు. ఖాళీ చెయ్యమన్న రోజున ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్టతో రిక్షాలో నా షాపుకొచ్చింది. మొహంలో దుఃఖం లేదు. జ్వరం వచ్చిన మనిషిలా కళ్ళు మెరుస్తున్నాయి.

"కెమెరా తియ్యి. నన్నడుగు."

"ఏమడగాలమ్మగారూ?"

"మనం అందరినీ ఏటడిగేం? అదే."

ట్రంకుపెట్టె మీద కూచుంది. మీ పేరేమిటి అన్నాను. "నిన్నటిదాకా వార్డెన్ని" అంది. నిన్న ఎక్కడ పడుకున్నారు అన్నాను. "ఆడపిల్లల హాస్టల్లో. నా మంచం మీద." ఈ రోజు ఎక్కడ పడుకుంటారు అన్నాను. తిన్నగా లెన్సులోకి చూసింది.

"తెలీదు. అమెరికా ఎల్లి అడిగొచ్చేను కదా, ఇది అనకాపల్లి దాకా రాదనుకోకండి."

ఆ షాటు సినిమాకి చివర కలిపించింది. కింద 'పేరు చెప్పలేదు' అని వేశాను.

ఆ సాయంత్రం మా అమ్మ వచ్చి ఆవిడని మా ఇంటికి తీసుకుపోయింది. పది రోజులు మాతో ఉంది. తర్వాత గవరపాలెంలో ఒక గది చూసుకుని వెళ్ళిపోయింది. ఆ గదిలోనే పిల్లలకి ఇంగ్లీషు చెప్పేది. సినిమాని కాలేజీల్లో, యూనియన్ ఆఫీసుల్లో, ఎస్. రాయవరం దాకా వెళ్ళి చూపించాం. ఎక్కడికెళ్ళినా ముందు ఆ ఊళ్ళో రోడ్డు మీద పడుకునేవాళ్ళని కలిసి, పేర్లడిగి, వాళ్ళని తీసుకొచ్చి ముందు వరసలో కూచోబెట్టేది. నిర్వాహకులు మొహాలు ముడుచుకునేవారు. ఆవిడకి లెక్కలేదు. హాస్టల్‌కి సాయం ఆగలేదు. ఏడాది తర్వాత కమిటీ ఆ సంగతి చెప్పి, మళ్ళీ వచ్చి వార్డెన్‌గా చేరమంది. "చర్చి హాలు తలుపులు ఇల్లులేనోళ్ళకి తీత్తే వత్తాను" అని కబురు పంపింది. వాళ్ళు తియ్యలేదు, ఈవిడ వెళ్ళలేదు.

మూడేళ్ళకి కాబోలు, పెద్ద తుపాను వచ్చింది. శారద నది నిండి పోటెత్తింది. మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడినట్టయింది. ఆవిడ నాకు ఫోను చేసింది. కెమెరా తెస్తానన్నాను.

"కెమెరా ఒద్దు. గొడుగులు తే, నీ దగ్గర ఎన్నుంతే అన్ని."

నేను వెళ్ళేసరికి చర్చి గేటు దగ్గర ఉంది, మోకాలి లోతు నీళ్ళలో. వెనక పాతిక ముప్పై మంది. రైల్వే స్టేషను బయట ఉండేవాళ్ళు, వంతెన కింద ఉండేవాళ్ళు, ఒక పసిబిడ్డ తల్లి. పాస్టరుగారు గొడుగు పట్టుకుని మెట్ల మీద నిలబడ్డారు.

"అమ్మా, నా ఒక్కడి చేతిలో లేదు. కమిటీ తీర్మానం ఉండాలి."

"వాన కమిటీని అడిగి వచ్చిందేటండీ?"

"ఇది ప్రార్థన చేసుకునే చోటు."

"అవునండి. ఈళ్ళు పొద్దున్నుంచీ అదే సేత్తన్నారు."

ఆవిడ వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర, తడి మెట్టు మీద కూచుంది. "మీరు తీర్మానం రాసుకోండి. మేం ఇక్కడ కూకుంతాం" అంది. ఆవిడ కూచుంటే వెనక అందరూ ఒక్కొక్కరే వచ్చి మెట్ల మీద కూచున్నారు. నేనూ కూచున్నాను. వాన మొహం మీద కొడుతోంది. ఎంతసేపు కూచున్నామో తెలియదు. పక్కింట్లోంచి పాస్టరుగారి భార్య వచ్చింది, కొంగు తల మీద కప్పుకుని. ఆవిడ ఆ హాస్టల్లోనే చదువుకున్న పిల్ల. భర్త వైపు చూడకుండా వచ్చి, కొంగు కింద నుంచి తాళంచెవి తీసి వార్డెనమ్మ చేతిలో పెట్టింది.

ఆ హాల్లో అందరూ నాలుగు రోజులున్నారు. వాన వెలిశాక వెళ్ళిపోయారు. తాళంచెవి మాత్రం ఆవిడ తిరిగివ్వలేదు. ఆ తర్వాత ఏ తుపానుకీ, ఏ చలికాలానికీ ఎవరినీ అడక్కుండా వెళ్ళి తీసేది. కమిటీ మూడుసార్లు ఉత్తరం రాసింది, చెవి అప్పగించమని. మూడింటికీ జవాబు లేదు.

"ఇంత గొడవ దేనికండీ, తాళం మార్చేసుకోవచ్చు కదా" అని సెక్రటరీని నేనే ఒకసారి అడిగాను.

ఆయన తల గోక్కున్నాడు.

"మార్చామండీ. మర్నాడు పొద్దున్నే ఆవిడ మా ఇంటికొచ్చి కొత్త చెవి కూడా అడిగి తీసుకెళ్ళింది."